ఎలపట ఇంజిన్

మా ఊళ్ళో నాకు ముక్కుమీద కోపమని పేరు. బోటు నడిపే మనిషికి కోపం లేకపోతే ఎట్లా చెప్పండి? ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే అందరూ ఒకే పక్కకు చేరతారు. చేపల పెట్టె ఎక్కడ పెట్టొద్దంటే అక్కడే పెడతారు. నడినీళ్ళలో లేచి నిలబడి సెల్ఫీలు దిగుతారు. అరవక ఏం చేయను? అయితే ఆ అరుపులన్నీ ఒక ఎత్తు, పోయిన వేసవిలో మా బోటు కుడి ఇంజిన్ నా చేత అరిపించిన అరుపులు ఒక ఎత్తు.

సోమశిల నీళ్ళకు ఇవతలి గట్టు మాది. అవతలి గట్టున చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు, వాళ్ళ చేలు ఉన్నాయి. రోడ్డు మీద చుట్టి రావాలంటే ఒక పూట పడుతుంది, బోటెక్కితే కబుర్లు ముగిసేలోపు వచ్చేస్తారు. ఆ బోటు మా కోసం తెచ్చింది కాదు. ఎవరో కాంట్రాక్టరు షికార్లు తిప్పుతానని తెచ్చి, గిరాకీ లేక గట్టున వదిలేసి పోతే మా చేపల సొసైటీ తీసుకుంది. వెనక పక్కపక్కనే రెండు ఇంజిన్లు, ముందు వాటికి రెండు తాళంచెవులు, రెండు లివర్లు. ఒకటి ఆగినా ఇంకోటి ఇంటికి చేరుస్తుందంటారు. చేరుస్తుంది, గాలి లేనప్పుడు. వెలిగొండల మీద నుంచి గాలి దిగిందంటే ఒక్క ఇంజిన్‌తో బోటు తన చుట్టూ తాను తిరుగుతుంది తప్ప ముందుకు పోదు.

నడపడానికి మగవాళ్ళెవరూ ముందుకు రాకపోతే నేను నేర్చుకున్నాను. నా పేరు సుజన. మా ఆయన సైమన్ లారీ డ్రైవరు, ఎప్పుడూ బద్వేలు రోడ్డు మీదే ఉంటాడు. పిల్లలు ఆత్మకూరు హాస్టల్లో చదువుకుంటున్నారు. ఇంట్లో ఉండేది నేనూ, మా నాయనా.

నాయన పేరు శీనయ్య. బతుకంతా మడక పట్టి పొలం దున్నినవాడు. మాటకారి. చర్చిలో ఆయన ప్రార్థన అందుకున్నాడంటే పాస్టరుగారు గడియారం చూసుకునేవారు. వర్షాల దగ్గర మొదలుపెట్టి, ఊళ్ళో జ్వరం పడినవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుని, గొడ్డూగోదా దాకా వచ్చాక గానీ ఆమెన్ అనేవాడు కాదు. అంతటి మనిషికి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్నది మాత్రం నోట్లోకి రాదు. అన్ని మాటల్లోనూ మూడే మిగిలాయి. ప్రభువా. అట్నే. ఎలపట.

మడక కట్టని వాళ్ళకు ఈ మూడోది తెలియకపోవచ్చు. కాడికి రెండెద్దులు కడతారు కదా, ఎడమ పక్కన నడిచేది దాపట, కుడి పక్కన నడిచేది ఎలపట. నాయన మా ఎద్దులకు వేరే పేర్లే పెట్టలేదు. "ఎలపటది ఈ పొద్దు మేత ముట్టలేదు పాపా" అనేవాడు. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక ఆ జతను అమ్మేశాం. బండి వాటిని ఎక్కించుకుని పోతుంటే రోడ్డు మలుపు దాకా నడిచి వెళ్ళి, అది కనబడకుండా పోయాక కూడా అక్కడే నిలబడ్డాడు.

అందుకే ఆసుపత్రిలో కళ్ళు తెరిచి మొట్టమొదట "ఎలపట" అన్నప్పుడు, మా తమ్ముడు డేవిడ్‌రాజు కళ్ళు తుడుచుకుంటూ, "ఎద్దును తలుచుకుంటా ఉండాడక్కా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పొద్దున లేస్తే ఎలపట, అన్నం పెడితే ఎలపట, మంచం దించితే ఎలపట. పాపం, చూసి సంతోషిస్తాడని ఒకసారి ఆటోలో మర్రిపాడు దాకా తీసుకెళ్ళి, తెలిసినవాళ్ళ కొట్టంలో ఎద్దుల జతను చూపించాను. చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మంచి చేత్తో తొడ మీద ఠపఠపా కొట్టుకుంటూ "ఎలపట, ఎలపట" అని కసురుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం మోసుకొస్తే ఇదా అని ఆటోలో దారిపొడవునా సణుగుతూనే వచ్చాను.

ఇంట్లో వదిలి వెళితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను వచ్చేసరికి గిన్నెలో గంజి గిన్నెలోనే ఉండేది. ఒకరోజు విసిగిపోయి, "పా నాయనా, నువ్వు కూడా నీళ్ళ మీదికి రా" అని బోటెక్కించాను. వెనక బల్ల మీద కుడి చివర గోనెసంచి మడత వేసి కూర్చోబెట్టాను. పడిపోయిన పక్క బోటు గోడకు ఆనుకుంటుంది కాబట్టి ఒరిగిపోడు. ఇంజిన్లు రేగి, గాలి మొహానికి తగిలేసరికి మా నాయన మెడ నిటారుగా లేచింది. అవతలి గట్టు దాకా కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. తిరిగొచ్చి గంజి తాగాడు, గిన్నె చాపి ఇంకొంచెం అడిగాడు. ఆ రోజు నుంచి ఆ చివర ఆయన చోటే. పెట్టెలు, మనుషులు అందరూ ముందే.

అట్లా హాయిగా ఉన్నామా, కుడి ఇంజిన్ మొదలుపెట్టింది.

దాని జబ్బు ఏమిటంటే, జబ్బు ఉన్నట్టు ఉండదు. తాళంచెవి తిప్పితే ఒకసారి బుద్ధిగా అందుకుంటుంది. ఇంకోసారి వెనక ఎక్కడో "టిక్" అంటుంది, అంతే. మళ్ళీ తిప్పితే మళ్ళీ టిక్. మూడోసారికో పదోసారికో ఏమీ ఎరగనట్టు రేగుతుంది. పూర్తిగా చచ్చిపోతే బాగుచేయించుకోవచ్చు. పొద్దున బాగుండి, అవతలి గట్టున ఆపి పెట్టెలు ఎక్కించుకుని తిప్పేసరికి మొండికేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఆత్మకూరు నుంచి పెంచలప్రసాద్‌ను పిలిపించాను. ట్రాక్టర్లు, బోరు మోటార్లు, మా బోటు, అన్నీ అతనే చూస్తాడు. పనిమంతుడే, నోరు కూడా మంచిది. కాకపోతే నేను బోటు గట్టుకు కట్టి, నాయనకు అన్నం పెట్టడానికి ఇంటికి పోయినప్పుడే వచ్చేవాడు.

"ఏదక్కా సతాయించేది?" అని ఫోన్లో అడిగాడు.

"కుడిది" అన్నాను.

నేను తిరిగొచ్చేసరికి రెండు తాళంచెవులూ తిప్పి చూపించాడు. రెండూ రేగాయి. "ప్లగ్గులు మార్చినానక్కా, ఇంక చూసే పన్లా" అని బండెక్కాడు. మర్నాడు బాగుంది. ఆ మర్నాడు టిక్. మళ్ళీ ఫోను. ఈసారి బ్యాటరీ మార్చాడు. బాగుంది, తర్వాత మళ్ళీ టిక్. ఆ తర్వాత స్టార్టరు విప్పి శుభ్రం చేశాడు. మళ్ళీ అదే పాట. చివరికి, "నువ్వు తాళంచెవి తిప్పడంలోనే ఏదో ఉండాదక్కా" అన్నాడు.

"నీ పెళ్ళాంతో అను ఆ మాట!" అని ఫోన్ పెట్టేశాను.

అది మొండికేసిన ప్రతిసారీ మా నాయన వెనక నుంచి ఎడమ చేత్తో బల్ల మీద దబదబా కొట్టి "ఎలపట!" అని అరిచేవాడు. అసలే నేను చెమటలు కక్కుతూ తాళంచెవి తిప్పుతుంటాను, బోటులో వాళ్ళంతా సలహాలు ఇస్తుంటారు, మధ్యలో ఈ ఎద్దొకటి. "ఉండు నాయనా! నీ ఎలపట యాడికీ పోలా!" అని కసిరేదాన్ని. ఆయన నా వైపు చూసి, పెదాలు కదిలించి, చెయ్యి ఒళ్ళో పెట్టుకునేవాడు.

ఒక సాయంత్రం అవతలి నుంచి వస్తున్నాం. బోటు నిండా పెట్టెలు, సొసైటీ ప్రెసిడెంటు సుందరయ్య, ఆత్మకూరు సంతలో ఎండుచేపలు అమ్మే వెంగమ్మ, ఇంకొందరు. దారిలో ఎవరిదో తెగిన వల అడ్డమొచ్చింది. రెండు ఇంజిన్లూ ఆపి, వల తీసేసి, మళ్ళీ తిప్పాను. ఎడమది రేగింది. కుడిది టిక్. సరిగ్గా అప్పుడే కొండ మీద నుంచి గాలి దిగింది. ఒక్క ఇంజిన్‌తో బోటు గుండ్రంగా తిరుగుతూ రాళ్ళున్న వైపు జరగడం మొదలుపెట్టింది. వెంగమ్మ నా భుజం పట్టుకుని ఏడుపు అందుకుంది. తిప్పాను, తిప్పాను, ఎన్నిసార్లు తిప్పానో దేవుడికే తెలియాలి. రాళ్ళు చేతికందేంత దగ్గరికి వచ్చాక కుడిది భగ్గున అందుకుంది.

గట్టుకు చేరాక సుందరయ్య అందరినీ దించి, నన్ను పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మా నాయనను బోటులోకి ఎత్తేటప్పుడు రోజూ ఒక భుజం పట్టేది ఆయనే.

"సుజనా, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోబాకమ్మా. పోయినవారం మీ నాయనకు జలుబని ఇంటికాడ పెట్టినావే, ఆ రెండు దినాలు ఇంజిన్ సతాయించిందా?"

"లేదు."

"అంతకుముందు చర్చి మీటింగులకని తోడుకోని పోయినారే, అప్పుడు?"

నేను వంగి, బోటు కట్టిన తాడు ముడి మళ్ళీ బిగించాను.

"పెద్దాయన చెయ్యి ఊరుకోదు. యాడ ఏ వైరు లాగతాడో, ఏం నొక్కతాడో. కావాలని చేస్తాడని నేనటం లేదు. మనసు ఈడ లేదు గదా, ఎద్దుల కాడే ఉండె. ఆదివారం దాకా ఇంటికాడ పెట్టు. ఇంజిన్ బాగా నడిచిందంటే మటుకు, ఇంక ఆయన్ను బోటెక్కించబాక. ఇంతమంది పానాలు."

తాళంచెవులు గుప్పిట్లో బిగించి ఇంటిదారి పట్టాను. ఆయన తప్పుగా ఏమీ అనలేదు, అదే నన్ను కాల్చేసింది. ఆ బల్ల చివర తీసేస్తే మా నాయనకు మిగిలేది ఒక మంచం, ఒక గోడ. అవి ఆయన్ను ఎంత తొందరగా తినేస్తాయో నేను ముందే చూసి ఉన్నాను.

మర్నాడు నాయనను వదిలి వెళ్ళాను. నేను బోటు తాళాలు తీసుకుంటుంటే ఆయన మంచం మీద లేచి కూర్చుని, మంచి చేత్తో తువ్వాలు భుజాన వేసుకుని తయారయ్యాడు. "ఈ పొద్దొద్దులే నాయనా, ఎండగా ఉండాది" అన్నాను. "అట్నే" అన్నాడు. తువ్వాలు తీసి మడత పెట్టడానికి చూశాడు, ఒక్క చేత్తో కుదరక అట్లాగే ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ రోజు ఇంజిన్ ఎంత ముచ్చటగా రేగిందో! ఆ మర్నాడూ అంతే. తిప్పితే చాలు, రెండూ ఒక్కసారే అందుకుంటాయి. జనం సంతోషపడ్డారు. నేను మాత్రం ప్రతిసారీ, మొండికెయ్యవే, ఒక్కసారి మొండికెయ్యవే అని లోపల్లోపల బతిమాలుకున్నాను. బోటు నడిపే మనిషి కోరుకోవలసిన కోరికేనా అది? ఇంటికి పోతే నాయన గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. గంజి గిన్నె అట్లాగే ఉండేది. నేను కూడా తినలేదు.

శనివారం పెంచలప్రసాద్ తనంతట తానే వచ్చాడు. సుందరయ్యే పిలిపించాడట, చివరిసారిగా ఒకసారి చూడమని. నేను ఆ రోజు ఇంటికి పోకుండా బోటులో నా సీట్లోనే కూర్చున్నాను. వెంగమ్మ గట్టున గంపలు సర్దుకుంటోంది. పెంచలప్రసాద్ వెనక్కి పోయి, ఇంజిన్లకు ఎదురుగా వంగి, ఒకదాని మూత తీసి చరిచాడు.

"ఇదో అక్కా, ఈ కుడిదాంట్లో నేను మార్చకుండా మిగిలిందేమీ లేదు. ప్లగ్గులు కొత్తవి, బ్యాటరీ కొత్తది, స్టార్టరు అద్దం మాదిరి ఉండాది. ఇంక నేనేం చేసేది చెప్పు!"

మెడ తిప్పి చూశాను. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను.

"ఒరే ప్రసాదూ, అది ఎడమది గదరా!"

"ఏందక్కా ఎడమది? కుడిదే. ఇదో నా కుడిచెయ్యి" అని చెయ్యెత్తి చూపించాడు. ఆ చేత్తోనే అన్నం తింటాడు, అబద్ధమేమీ కాదు.

"ఇదో నా కుడిచెయ్యి!" అని నేను చెయ్యెత్తాను. నేను ముందుకు చూసి కూర్చున్నాను, అతను వెనక్కి చూసి నిలబడ్డాడు. నా కుడి ఒక వైపు, అతని కుడి ఒక వైపు. ఇద్దరం చెరో చెయ్యి పైకెత్తుకుని అట్లాగే ఉండిపోయాం.

గట్టు మీద నుంచి వెంగమ్మ పడీపడీ నవ్వింది. "ఓ యమ్మా! ఇన్నాళ్ళూ నొప్పి ఒక పంటికి, పీకింది ఇంకో పన్నా!"

నాకు నవ్వాలో అతని నెత్తిన మొట్టాలో తెలియలేదు. పెంచలప్రసాద్ మొహం చూస్తే పాపం అనిపించింది. అతనిది మాత్రం తప్పేముంది? కుడి అన్నాను, తన కుడి చూసుకున్నాడు. "మరి ఎట్లా చెప్పాలరా నీకు? నువ్వెట్లా తిరిగితే అట్లా తిరిగిపోయే మాట చెప్తే ఇంతే గదా. నువ్వు ఎట్టా నిలబడినా మారని మాట..."

అక్కడ ఆగిపోయాను.

ఆ మాట మా ఇంట్లోనే ఉంది. కాడికి కట్టిన ఎద్దులు ముందుకే చూస్తాయి. మనిషి ఎదురుగా నిలబడినా, వెనక నడిచినా, తిరగబడి చూసినా దాపటది దాపటే, ఎలపటది ఎలపటే. ఇంజిన్ మొండికేసిన ప్రతిసారీ మా నాయన బల్ల చరిచి చెబుతూనే ఉన్నాడు. నేను ఎద్దనుకుని నోరు మూయించాను.

"ఒరే ప్రసాదూ, ఈడే ఉండు. కదిలినావంటే కాళ్ళిరగ్గొడతా!" అని చెప్పి ఇంటికి పరుగెత్తాను.

నాయన గోడవైపు తిరిగి ఉన్నాడు. మంచం పక్కన కూలబడి, "నాయనా, ఎలపటది బోటులోదా? ఇంజిన్‌దా నువ్వు చెప్పేది?" అన్నాను. మెల్లగా ఇటు తిరిగాడు. నా మొహంలోకి చూశాడు. "అట్నే" అన్నాడు. ఆ రెండక్షరాలకు నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

దారిలో ఎదురైన సుందరయ్య చేతే ఒక భుజం పట్టించాను. "ఆదివారం దాకా అన్నా గదమ్మా" అన్నాడాయన. "ఆదివారానికి ఇంకెంతసేపుండాదిలే మామా, పట్టు" అన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. గోనెసంచి మడత వేసి, ఆ చివరే, ఆ చోటే నాయనను కూర్చోబెట్టాం.

తాళంచెవి తిప్పాను. ఎడమది రేగింది. కుడిది, టిక్.

"చూసినావా, నే చెప్పలా" అని సుందరయ్య ఏదో అనబోయాడు. నాయన బల్ల మీద దబామని కొట్టాడు. "ఎలపట!" కొట్టిన చోటనే అరచెయ్యి ఆనించి, తియ్యకుండా నా వైపు చూశాడు. వెళ్ళి ఆ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. ఎండ తగలని చోటు, బల్ల వెచ్చగా ఉంది.

"ప్రసాదూ, ఈ బల్ల ఊడదియ్యి."

నాయనను లేపి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పెంచలప్రసాద్ బోల్టులు విప్పి పలక ఎత్తాడు. కింద కుడి బ్యాటరీ నుంచి కుడి ఇంజిన్‌కు పోయే లావుపాటి కేబులు ఉంది. దాని మధ్యలో ఒక అతుకు. ఆ పాత కాంట్రాక్టరు మనుషులు ఎప్పుడో తెగితే మెలిపెట్టి టేపు చుట్టేసినట్టున్నారు. టేపు కరిగి నల్లగా అయింది, లోపల రాగితీగలు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. పలకకు ఆధారంగా ఉండాల్సిన చెక్క ఊడిపోయింది. మనిషి కూర్చుంటే పలక కుంగి అతుకు మీద పడుతుంది, అతుకు వదులవుతుంది. బరువు అటూ ఇటూ జరిగితే మళ్ళీ అతుక్కుంటుంది. అక్కడ కూర్చునేది మా నాయన ఒక్కడే.

"పెద్దాయన ఏమీ లాగలేదు మామా" అన్నాడు పెంచలప్రసాద్ సుందరయ్యతో. "కింద వేడెక్కతా ఉంటే కనిపెట్టినాడు. మనమే ఇనలా."

సుందరయ్య వంగి ఆ అతుకు చూశాడు. తర్వాత వచ్చి మా నాయన ముందు గొంతుకూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "తప్పయిపోయింది శీనయ్యన్నా" అన్నాడు. నాయన ఆయన తలమీద ఎడమచెయ్యి పెట్టి "ప్రభువా" అన్నాడు. ఒకప్పటి ఆయన పొడుగాటి ప్రార్థన అంతా ఆ ఒక్క మాటలో ఉన్నట్టనిపించింది నాకు. వెంగమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

పెంచలప్రసాద్ ఆత్మకూరు పోయి అతుకు లేని కొత్త కేబులు తెచ్చి వేశాడు. పలక కింద చెక్క బిగించాడు. పోయేటప్పుడు రెండు ఇంజిన్ల మూతల మీదా తెల్ల పెయింటుతో పెద్దక్షరాలు రాయించాను. ఒకదాని మీద ఎలపట, ఒకదాని మీద దాపట. "ఆత్మకూరులో చెప్తే నవ్వతారక్కా" అన్నాడు. "నవ్వనీరా, బోటు నడిచేది ఈడ" అన్నాను.

సోమవారం పొద్దున నాయన నాకంటే ముందే తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఆయన్ను ఆయన చోట కూర్చోబెట్టి, వచ్చి తాళంచెవులు తిప్పాను. రెండూ ఒక్క ఊపున రేగాయి. నాకు ఎంత గర్వమనిపించిందో! చూశావా నాయనా అన్నట్టు వెనక్కి తిరిగాను.

"ఎలపట" అన్నాడు నాయన.

పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీనా? లేచి పరుగున వెనక్కి పోయాను. ఎలపటది చక్కగా నడుస్తోంది, నీళ్ళు చిమ్ముతోంది. బల్ల మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. "బాగుండాది గదా నాయనా, ఇంకేంది?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో, ఒళ్ళో పడి ఉన్న తన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తాడు. నా చేతిలో పెట్టాడు. "ఎలపట" అన్నాడు మళ్ళీ, మెల్లగా, నా కళ్ళలోకి చూస్తూ.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన రోజు నుంచి చెబుతున్న మాట అది. నా కుడిపక్క పడిపోయింది పాపా అని. అన్నం ముందు పెడితే ఈ చెయ్యి లేవడం లేదని. మంచం దించితే ఈ కాలు నిలవడం లేదని. రెండేళ్ళు చెప్పాడు. ఎద్దుల దగ్గర నిలబెట్టి చూపిస్తే తొడ బాదుకుని మరీ చెప్పాడు. ఇంజిన్ గురించీ ఆ మాటే, తన గురించీ ఆ మాటే, ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే కదా. మేమంతా చుట్టూ నిలబడి, పాపం ఎద్దు, పాపం ఎద్దు అనుకున్నాం.

ఏడ్చాను. బోటు నిండా జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి రుద్దాను. కళ్ళు తుడుచుకుని, గోనెసంచి ఈ చివరి నుంచి తీసి ముందుకు తెచ్చి నా సీటుకు ఎడమపక్కన వేశాను. ఇద్దరు పట్టి ఆయన్ను అక్కడ కూర్చోబెట్టారు. పడిపోయిన పక్క నా భుజానికి ఆనుకుంది.

"ఎలపటకి నేనుండా గదా నాయనా" అన్నాను.

ఆయన నీళ్ళవైపు చూశాడు. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. తర్వాత మంచి చెయ్యి ఎత్తి తన గుండె మీద తట్టుకున్నాడు.

"దాపట" అన్నాడు.

రెండేళ్ళలో ఆయన నోట వచ్చిన కొత్తమాట అది. వెనక నుంచి వెంగమ్మ, "కదులుమే, అవతల చేపలు ఎత్తుకొచ్చేలోపు సంత అయిపోతాది!" అని అరిచింది. ఆ పూట నేను తిరిగి అరవలేదు. రెండు లివర్లూ కలిపి ముందుకు తోశాను.